ఐదు గంటల గాలి

అమ్మ చేతులు మోచేతుల దాకా నీళ్ళలో ఉన్నాయి. అందుకని ఫోన్ చేసే పని చిటికెకి అప్పజెప్పింది.

"కార్గో ఆఫీసుకి చెయ్యి. చేపల పెట్టె మన గడప దాటిన దగ్గర్నుంచి ఆ ఊళ్ళో వాళ్ళ గడప తొక్కేదాకా మొత్తం ఎంతసేపు పడుతుందో అడుగు. విమానం గాల్లో ఉండే టైము ఒక్కటే కాదు, మొత్తం. అర్థమైందా?"

"అర్థమైందమ్మా."

చిటికె అసలు పేరు వేరే ఉంది. కానీ ఆ పేరుతో పిలిచేవాళ్ళు లేరు. ఎవరు ఏం అడిగినా, ప్రశ్న సగంలో ఉండగానే వేళ్ళతో చిటికె వేసి జవాబు చెప్పేస్తుంది. పదిలో తొమ్మిదిసార్లు ఆ జవాబు సరిగ్గానే ఉంటుంది. అందుకే ఆ అలవాటు మాన్పించాలని ఎవరికీ తోచలేదు. ఈ కథ ఆ పదోసారి గురించి.

వాళ్ళ ఇంట్లో ముందుగది మనుషులది కాదు, చేపలది. గోడ పొడుగునా ఇనప అరలు, వాటి మీద అద్దాల తొట్లు, రాత్రీ పగలూ గాలిపంపుల గురగుర. రంగుచేపల్ని పెంచి దుకాణాలకి పంపడం అమ్మ పని. వాటిని సంచుల్లో కట్టి వ్యానులో చేరవెయ్యడం మామయ్య పని. మామయ్య అమ్మకి తమ్ముడు. నాన్న దూరపు ఊళ్ళకి బస్సు నడుపుతాడు. ఆ శనివారం ఆయన డ్యూటీలో ఉన్నాడు.

ఈసారి వెళ్ళేవి మామూలు చేపలు కావు, డిస్కస్ చేపలు. పళ్ళెంలా గుండ్రంగా, పల్చగా ఉంటాయి. ఒళ్ళంతా నీలం గీతలు. వీటిని పెంచడం అంత తేలిక కాదు. పిల్లలు పుట్టిన కొత్తలో తల్లికీ తండ్రికీ ఒంటి మీద జిగురులాంటిది ఊరుతుంది. పిల్లలు ఆ ఒంటినే అంటిపెట్టుకుని, ఆ జిగురే తిని పెరుగుతాయి. అమ్మకి మూడుసార్లు గుడ్లు పాడైపోయాయి. నాలుగోసారికి పన్నెండు పిల్లలు దక్కాయి. వాటిలో అన్నిటికంటే చిన్నదానికి బొత్తాం అని పేరు పెట్టింది చిటికె.

దూరంగా ఒక పెద్ద ఊళ్ళో కొత్తగా చేపల ప్రదర్శనశాల కడుతున్నారు. ఆ పన్నెండూ మాకు కావాలని వాళ్ళు అడిగారు. విమానంలో చోటు కూడా వాళ్ళే బుక్ చేశారు. అమ్మ పెంచిన చేపలు విమానం ఎక్కడం ఇదే మొదటిసారి.

"చేపలు విమానం ఎక్కుతున్నాయి, మనం మాత్రం ఆ డొక్కు వ్యానులోనే ఉన్నాం" అన్నాడు మామయ్య, రబ్బరుబ్యాండ్లు వేలికి తగిలించుకుంటూ.

"నిన్ను సంచిలో కట్టడం కష్టంరా" అంది అమ్మ.

చిటికె వసారాలోకి వెళ్ళి ఫోన్ చేసింది. లైను బిజీగా ఉంది. ఫోన్ పెట్టేసింది.

అప్పుడు ఆ అమ్మాయికి ఒక ఆలోచన వచ్చింది. అది వచ్చినప్పుడు చాలా మంచి ఆలోచనలాగే ఉంది.

వాళ్ళ సోషల్ టీచర్ ప్రతి శుక్రవారం క్లాసులో 'రెండు ఊళ్ళు' ఆట ఆడిస్తుంది. టీచర్ రెండు ఊళ్ళ పేర్లు చెబుతుంది. పిల్లలు మ్యాపు మీద స్కేలు పెట్టి, దూరమెంతో, విమానంలో ఎంతసేపు పడుతుందో చెప్పాలి. నెల రోజులుగా ఆ ఆటలో చిటికెదే గెలుపు. పోయిన వారం వచ్చినవి సరిగ్గా ఈ రెండు ఊళ్ళే. ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు, గంటన్నర ప్రయాణం. టీచర్ చప్పట్లు కూడా కొట్టించింది.

తెలిసిన సంగతి ఇంకొకళ్ళని అడగడం ఎందుకు? అమ్మ మొత్తం చెప్పమంది కాబట్టి మొత్తమే లెక్క వేసింది. ఇంటి నుంచి విమానాశ్రయానికి ఒక గంట. అక్కడ ఆగేది ఒక గంట. గాల్లో గంటన్నర. దిగాక ఇంకో గంటన్నర. ఎంత చక్కగా కుదిరిందో చూసుకుని మురిసిపోయింది.

లోపలికొచ్చి చిటికె వేసింది. "ఐదు గంటలు."

అమ్మ తల తిప్పి చూసింది. "వాళ్ళే చెప్పారా?"

చిటికె ఒక్క క్షణం ఆగింది. "ఆ" అంది.

అమ్మ తల ఊపి పనిలో పడింది. "ఐదంటే మనం పది గంటలకి సరిపడా గాలి పట్టించాలి. దారిలో ఏ ఆలస్యమైనా తట్టుకోవాలి కదా. ఒరేయ్, సంచికి మూడేసి వెయ్యి."

"అదే రాత్రంతా ప్రయాణమైతే?" అడిగింది చిటికె, ఊరికే.

"అప్పుడు సంచికి ఒక్కటే. ఇంకొంచెం పెద్ద సంచి, ఇంకొంచెం గాలి. చేప పీల్చేది ఆ గాలే కదా. అది అయిపోతే ఎన్ని నీళ్ళుండీ లాభం లేదు. నిన్నట్నుంచి వీటికి మేత కూడా పెట్టలేదు, నీళ్ళు పాడవకూడదని."

మామయ్య ఒక్కో సంచిలో మూడో వంతు నీళ్ళు పోశాడు. అమ్మ వలతో చేపల్ని దింపింది. సన్నటి గొట్టంతో సిలిండరు నుంచి ఆక్సిజన్ వదిలితే సంచి దిండులా ఉబ్బింది. మూతి మెలిపెట్టి రబ్బరుబ్యాండ్లు బిగించి, దాని మీద ఇంకో సంచి తొడిగారు. నాలుగు సంచులు, నాలుగు మూళ్ళు పన్నెండు. బొత్తాం చివరి సంచిలో, రెండు పెద్ద చేపల మధ్య ఇరుక్కుని కూర్చుంది.

"వెళ్ళిరా" అని చిటికె సంచి మీద వేలు ఆనించింది.

థర్మోకోల్ పెట్టె మూతపడింది. మామయ్య టేపు చుట్టి, పెట్టెని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వ్యానులో పెట్టాడు. వ్యాను వెళ్ళిపోయింది. అప్పుడు రెండు కావొస్తోంది.

* * *

మూడు దాటాక ఫోన్ మోగింది. అమ్మ పెరట్లో బకెట్లు కడుగుతోంది. చిటికె ఎత్తింది.

"కార్గో ఆఫీసు నుంచండీ. ఇందాక ఈ నంబరు నుంచి కాల్ వచ్చింది. లైను బిజీగా ఉంది, ఎత్తలేకపోయాం. ఏం కావాలి?" ఆడమనిషి గొంతు, కాస్త అలసటగా ఉంది.

ఏం లేదండీ అని పెట్టేస్తే సరిపోయేది. కానీ చిటికెకి తన లెక్క సరైనదని ఇంకొకరి నోట వినాలనిపించింది.

"చేపల పెట్టె ఒకటి పంపించాం. అది వాళ్ళకి ఎప్పుడు అందుతుందండీ?"

"ఆ, డిస్కస్ చేపలు. ఇందాకే తూకం వేశాను. రేపు పొద్దున పదింటికి అందుతాయి."

"రేపా? గంటన్నరే కదండీ ప్రయాణం."

అవతల ఆవిడ నవ్వింది. "అది మనుషులు వెళ్ళే చిన్న విమానం పాపా. అందులో సామాన్ల అర చల్లగా ఉంటుంది, ప్రాణమున్నవి ఎక్కించం. ఈ పెట్టె ముందు ఇంకో ఊరు వెళ్తుంది, పెద్ద విమానంలో. రాత్రికి అక్కడి గోడౌన్లో ఉంచుతారు. పొద్దున మళ్ళీ ఇంకో విమానం. సరేనా? ఉంటాను."

ఫోన్ చేతిలో ఉండిపోయింది. స్కేలు పెట్టి గీసిన గీత మీదే విమానం పోవాలని రూలేమీ లేదన్న సంగతి అప్పటిదాకా చిటికెకి తట్టలేదు.

ఇప్పుడు కొత్త లెక్క దానంతటదే నడిచింది. అమ్మ గాలి పట్టించింది పది గంటలకి సరిపడా. రెండింటి నుంచి పది గంటలంటే అర్ధరాత్రి. పెట్టె తెరిచేది రేపు పొద్దున పదింటికి. అర్ధరాత్రికీ పొద్దునకీ మధ్య ఆ సంచుల్లో ఏముంటుంది?



"ఎవరే ఫోన్లో?" పెరట్లోంచి అమ్మ కేకేసింది.

"రాంగ్ నంబరు."

ఆ మాట ఎందుకన్నదో ఆ అమ్మాయికే తెలీదు. ముందు అన్న 'ఆ'కి తోడుగా ఇది కూడా వచ్చి చేరింది.

ముందుగదిలోకి వెళ్ళి నిలబడింది. ఇందాకటిదాకా పిల్లలున్న తొట్టి ఖాళీగా ఉంది. పక్క తొట్టిలో తల్లీ తండ్రీ అద్దానికి మొహాలు ఆనించి ఆ ఖాళీ తొట్టి వైపే చూస్తున్నాయి. చేపలు నిజంగా అలా చూస్తాయో లేదో గానీ చిటికెకి మాత్రం అలాగే అనిపించింది.

అమ్మ గాలి చాలానే పట్టించి ఉంటుందిలే అనుకుంది. కాసేపటికి ఆ ఊహ నిలబడలేదు. చేపలు నిద్రపోతే తక్కువ పీలుస్తాయేమో అనుకుంది. అదీ నిలబడలేదు. మూడేసి చేపలు, ఒక్కో సంచి, పెట్టెలో చీకటి. మధ్యలో ఇరుక్కున్న బొత్తాం.

అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చింది. చాలా సంతోషంగా ఉంది.

"ఈసారి భలే తేలిగ్గా అయిపోయిందే. నువ్వు కనుక్కుని చెప్పబట్టి సరిపోయింది. లేకపోతే ఈ తడిచేతులతో ఎంత అవస్థ పడేదాన్నో" అని చిటికె తల నిమిరింది.

తల మీద ఆ చెయ్యి చల్లగా ఉంది. అంతకంటే తిట్టినా బాగుండేదనిపించింది చిటికెకి. గోడగడియారం వైపు చూసింది. ఆలస్యం చేసిన ప్రతి నిమిషం ఎవరి గాలిలోంచి పోతోందో తెలుసు.

"అమ్మా, నేను అడగలేదు."

"ఏమిటి?"

"కార్గో వాళ్ళని అడగలేదు. లైను బిజీగా ఉంటే నేనే లెక్కేసి చెప్పాను. ఇందాక వచ్చింది రాంగ్ నంబరు కాదు. వాళ్ళే చేశారు. రేపు పొద్దున పదింటికి గానీ అందవట."

అమ్మ మొహంలో నవ్వు అలాగే కొంచెంసేపు ఉండి, తర్వాత పోయింది. కొడుతుందేమో అనుకుంది చిటికె. అమ్మ కొట్టలేదు, అరవలేదు. పైకి ఒకే మాట అంది.

"ఇరవై గంటలు."

వెంటనే ఫోన్ అందుకుని మామయ్యకి చేసింది. మేత డబ్బాల వెనక నుంచి పాట మోగింది. మామయ్య ఫోన్ ఎప్పట్లాగే ఛార్జింగుకి పెట్టి మర్చిపోయి వెళ్ళాడు. కార్గో ఆఫీసుకి చేసింది. లైను బిజీ.

"సంచులు తియ్యి. పెద్దవి. రబ్బరుబ్యాండ్ల డబ్బా, టేపు, కత్తెర. నీ బడి సంచిలో కుక్కు." అమ్మ మాట్లాడుతూనే పిల్లల తొట్టిలోంచి ప్లాస్టిక్ డబ్బాలోకి నీళ్ళు పట్టింది. "కొత్త నీళ్ళు పనికిరావు. వీటికి అలవాటైన నీళ్ళే పొయ్యాలి."

చిన్న సిలిండరు స్కూటరు ముందు అమ్మ కాళ్ళ దగ్గర నిలబెట్టి తాడుతో కట్టారు. చిటికె వెనక కూర్చుని నీళ్ళ డబ్బాని రెండు చేతులా వాటేసుకుంది. స్కూటరు వీధి మలుపు తిరిగింది.

దారంతా ఎర్ర లైట్లే. ప్రతి లైటూ వాళ్ళ కోసమే కాచుకుని ఉన్నట్టు వెలిగింది. ముందు ఒక ఇసుక లారీ అడ్డంగా నిలబడి హారను కొట్టినా కదల్లేదు. డబ్బా మూత సరిగ్గా బిగుసుకోలేదేమో, నీళ్ళు చిటికె గౌను మీదికి కారుతున్నాయి.

"అమ్మా, సారీ."

"ఇప్పుడు మాట్లాడకు. నీళ్ళు ఒలకనివ్వకు."

చిటికె డబ్బా మూత మీద అరచెయ్యి నొక్కి పట్టుకుంది.

* * *

కార్గో షెడ్డు రేకుల కప్పుతో రైలంత పొడుగ్గా ఉంది. బయట లారీలు, తోపుడు బళ్ళు. ఒక పక్కగా మామయ్య వ్యాను. అందులో మామయ్య మొహం మీద టోపీ పెట్టుకుని హాయిగా నిద్రపోతున్నాడు. జేబులోంచి రసీదు తొంగి చూస్తోంది. చేరే రోజు, టైము అన్నీ దాని మీద అచ్చేసి ఉన్నాయి. కానీ మామయ్యకి కాగితం చదవడం కంటే మడిచి జేబులో పెట్టుకోవడమే బాగా వచ్చు.

"లేరా, పెట్టె వెనక్కి తీసుకోవాలి" అంది అమ్మ.

మామయ్య కళ్ళు నులుముకుంటూ ముగ్గురిలో చివరివాడిగా కౌంటరు దగ్గరికి పరిగెత్తాడు. కౌంటరు వెనక కళ్ళజోడు పెట్టుకున్న ఆవిడ కూర్చుంది. గొంతు వినగానే చిటికె గుర్తుపట్టింది.

"పెట్టె లోపలికి వెళ్ళిపోయిందమ్మా" అంది ఆవిడ. "తూకం అయిపోయింది, సీలు పడింది. మళ్ళీ బయటికి తేవాలంటే పైవాళ్ళకి నేను కారణం చెప్పాలి. ఏమైంది?"

అమ్మ నోరు తెరవబోయింది. ఈలోపు చిటికె కౌంటరు అంచు పట్టుకుని మునివేళ్ళ మీద లేచింది.

"తప్పు నాదండీ. ఎంతసేపు పడుతుందో మిమ్మల్ని అడగమని అమ్మ చెప్పింది. నేను అడక్కుండా అడిగానని చెప్పాను. పది గంటలకి సరిపడా గాలే పట్టించాం. ఇలాగే వెళ్తే దారిలో చచ్చిపోతాయి."

ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసింది. "ఫోన్లో గంటన్నరే కదా అన్నది నువ్వేనా?"

"నేనేనండీ."

ఆవిడ గడియారం చూసింది. నాలుగున్నర కావొస్తోంది. "ఐదింటికి విమానానికి బండి కదులుతుంది. ఆ తర్వాత పెట్టె నా చేతుల్లో ఉండదు. సిలిండరు లోపలికి తేకూడదు, బయట ఆ రేకుల కిందే కట్టుకోవాలి. మళ్ళీ కట్టడానికి ఎంతసేపు పడుతుంది?"

చిటికె కుడిచెయ్యి అలవాటుగా పైకి లేచింది. బొటనవేలూ మధ్యవేలూ కలుసుకున్నాయి. అక్కడే ఆగిపోయాయి.

"నాకు తెలీదండీ" అంది. "అమ్మా, ఎంతసేపు?"

"ఇరవై నిమిషాలు" అంది అమ్మ. "పెట్టె ఇప్పుడే వస్తే."

ఆవిడ లేచి లోపలికి వెళ్ళింది. వెళ్ళినావిడ ఎంతకీ రాలేదు. లోపల ఎవరితోనో గట్టిగా మాట్లాడటం వినిపించింది. మామయ్య గోళ్ళు కొరుక్కుంటున్నాడు. అమ్మ సిలిండరు గొట్టం విప్పి సిద్ధంగా పెట్టింది. చిటికె తలుపు మీంచి చూపు తిప్పలేదు.

చివరికి పెట్టె వచ్చింది. తోపుడు బండి మీద, సీలు తీసి.

మూత ఎత్తగానే చిటికె చూసింది చివరి సంచినే. బొత్తాం ఉంది. ఒక పెద్ద చేప దాన్ని మూలకి నెట్టేసింది. మిగతా చేపలు రంగు తగ్గి ఉన్నాయి. గబగబా నోళ్ళు తెరిచి మూస్తున్నాయి. కానీ పన్నెండూ బతికే ఉన్నాయి.

"సంచి పట్టుకో. మూతి గట్టిగా" అంది అమ్మ.

చిటికె పట్టుకుంది. అమ్మ నీళ్ళు పోసింది, చేపని దింపింది, గాలి పట్టించింది. మామయ్య మెలిపెట్టి బిగించాడు. ఒకటి. రెండోది. మూడో సంచికి రబ్బరుబ్యాండు తెగి మామయ్య ముక్కుకి తగిలింది. ఇంకోసారైతే చిటికె పడి పడి నవ్వేది. ఇప్పుడు ఇంకో బ్యాండు అందించింది, అంతే.

ఆరు పెద్ద సంచులు పెడితే పెట్టె నిండిపోతుంది. ఇంకొకటి పట్టే చోటు లేదు. ఇంకో పెట్టె ఎక్కించడానికి విమానంలో బుకింగూ లేదు.

"ఆరే వెళ్తాయి. ఆరు ఇంటికి వస్తాయి" అంది అమ్మ. అప్పటికి ఐదు సంచులే కట్టారు. ఆరోదాంట్లోకి చేపని ఇంకా దించలేదు. మూతి విప్పిన పాత సంచుల్లో ఏడు చేపలు మిగిలాయి. వాటిలో బొత్తాం ఒకటి.

చిటికెకి ఒక్కసారిగా ఆశ పుట్టింది. బొత్తాం చిన్నది కదా, ప్రయాణం తట్టుకోలేదు, ఇంటికి తీసుకెళ్దాం అంటే అమ్మ కాదనదు. మాట నాలుక చివరి దాకా వచ్చింది.

"ఏది తట్టుకోగలదో ఎలా తెలుస్తుందమ్మా?" అని అడిగింది.

"మొప్పలు చూడు. దడదడా కొట్టుకుంటే అలిసిపోయిందని అర్థం. నెమ్మదిగా కదిలితే అది వెళ్ళగలదు."

చిటికె వంగి ఏడింటినీ ఒక్కొక్కటిగా చూసింది. పెద్ద చేపల మొప్పలు వేగంగా కొట్టుకుంటున్నాయి. బొత్తాం మొప్పలు మెల్లగా, నెమ్మదిగా కదులుతున్నాయి. మళ్ళీ చూసింది. ఇంకోలా కనిపిస్తుందేమోనని మూడోసారి కూడా చూసింది.

"బొత్తాం వెళ్ళగలదు" అంది.

అమ్మ బొత్తాన్ని వలలోకి తీసింది. ఆరో సంచిలో అదొక్కటే గుండ్రంగా ఓసారి తిరిగి, మధ్యలో ఆగింది. దానికి ఇప్పుడు కావలసినంత చోటుంది.

పెట్టె మళ్ళీ తూకం ఎక్కింది, మళ్ళీ సీలు పడింది. కౌంటరావిడ స్వయంగా బండి తోసుకుంటూ లోపలికి తీసుకెళ్ళింది. రేకుల తలుపు పక్కకి జరిగి మూసుకుంది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది చిటికెకి.

మామయ్య జేబురుమాలు ఇచ్చాడు. అది చేపల వాసన వేస్తోంది. చిటికె దాంతోనే ముక్కు తుడుచుకుంది.

"ఇంకా ఒక పని ఉంది" అంది అమ్మ, ఫోన్ చేతికిస్తూ. "పన్నెండు వస్తాయని వాళ్ళు ఎదురుచూస్తుంటారు. ఆరే వస్తున్నాయని చెప్పాలి. ఎందుకో కూడా చెప్పాలి."

ఇది అన్నిటికంటే కష్టంగా ఉంది. అయినా చెప్పింది, కౌంటరు దగ్గర చెప్పినట్టే. అవతల చేపల ప్రదర్శనశాల మేనేజరు మొత్తం విన్నాడు.

"పన్నెండింటికి తొట్టి సిద్ధం చేసి కూర్చున్నామమ్మా" అన్నాడు చివరికి. "సరే. ఈ ఆరూ ముందు ప్రాణాలతో రానీ. మిగతావాటి సంగతి అప్పుడు చూద్దాం."

సాయంత్రం వెనక్కి తెచ్చిన ఆరు చేపలూ ఇంటి తొట్టిలోకి జారాయి. చాలాసేపు అడుగునే ఉండి, తర్వాత ఒక్కొక్కటే పైకి వచ్చాయి. చిటికె పక్కన కింద కూర్చుంది అమ్మ.

"నాకు బాగా కోపం వచ్చింది" అంది. "ఐదు అన్నందుకు కాదు. లెక్క నాకూ తప్పుతుంది. అడిగావా అంటే 'ఆ' అన్నావు చూడు, అందుకు."

"తెలుసమ్మా" అంది చిటికె.

మర్నాడు ఆదివారం. పదింటికి ఫోన్ మోగలేదు. పదిన్నరకీ మోగలేదు. చిటికె ఫోన్ పక్కనే కూర్చుంది, టిఫిన్ కూడా అక్కడికే తెచ్చుకుంది గానీ తినలేదు. పదకొండు కావొస్తుంటే మోగింది. అమ్మ ఎత్తి విన్నది. "ఊ" అంది. మళ్ళీ "ఊ" అంది. ఆ రెండు ఊలకీ మధ్య చిటికె ఊపిరి పీల్చినట్టు లేదు.

"ఆరూ ఈదుతున్నాయట" అంది అమ్మ ఫోన్ పెట్టేసి. "ఒకటి మాత్రం ఇంకా బెదిరి, నల్లబడి మూలనే ఉందట, రెండు రోజులు చూడాలి. ఆ చిన్నది అప్పుడే అద్దం దగ్గరికొచ్చి అందరినీ చూస్తోందట."

చిటికె లేచి వెళ్ళి, ఇప్పుడు ఖాళీగా లేని పిల్లల తొట్టి ముందు నిలబడింది. ఆకలి అప్పుడు తెలిసింది.

* * *

శుక్రవారం సోషల్ టీచర్ బోర్డు మీద కొత్తగా రెండు ఊళ్ళ పేర్లు రాసింది. పిల్లలు మ్యాపులు తెరిచారు. ఎవరూ స్కేలు తియ్యకముందే చిటికె వేసే శబ్దం వస్తుందని అందరికీ తెలుసు. అందరూ చిటికె వైపు తిరిగారు.

శబ్దం రాలేదు.

"ఏం చిటికే, ఈ రెండు ఊళ్ళూ తెలియవా?" అంది టీచర్.

"దూరం తెలుసు టీచర్, కొలిచాను. ప్రయాణం ఎవరికి?"

"ఎవరికంటే?"

"మనిషికా, పెట్టెలో చేపకా?"

క్లాసంతా గొల్లుమంది. టీచర్ మాత్రం సుద్దముక్క బల్ల మీద పెట్టింది. "చేపకైతే ఎంతసేపు?"

"తెలీదు టీచర్. కనుక్కోవాలి."

టీచర్ కాసేపు ఆలోచించింది. "సరే, కనుక్కో. ఇంటర్వెల్లో బడి ఆఫీసు ఫోన్ వాడుకో. మేమంతా ఆగుతాం."

ఇంటర్వెల్లో చిటికె ఆఫీసు గదిలో స్టూలు మీద కూర్చుని కార్గో ఆఫీసు నంబరు నొక్కింది. కిటికీ బయట పిల్లలు గుంపుగా నిలబడి చూస్తున్నారు.

లైను బిజీగా ఉంది.

ఫోన్ పెట్టేసింది. కొంచెంసేపు ఆగి, మళ్ళీ చేసింది.